అడ్డకడ్డీ

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, నీ మనవరాలూ ముగ్గురమూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ, తమ్ముడూ, మరదలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. "బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు, ఎవరి సంగతి వాళ్ళది విడిగా రాయమని పోయిన ఉత్తరంలో కోప్పడ్డావు కదా, అలాగే రాస్తున్నాను.

నీ అల్లుడి మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. మేముండేది మూడో అంతస్తు అని ఈయన చెబితే "అయితే దిగకండి" అన్నాడట. మనవరాలికి పై పన్ను ఊడింది. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. నువ్వు అల్లి పంపిన స్వెట్టరు ఒంటికి సరిపోయింది గాని చేతులు పొట్టివయ్యాయి. వంటింటి గోడకి చెమ్మ అలాగే ఉంది. ఇంటాయన వచ్చి చూసి, గోడని రెండుసార్లు తట్టి, "గట్టిగానే ఉందమ్మా" అని వెళ్ళిపోయాడు. తమ్ముడు వంట నేర్చుకుంటున్నాడని రాశావు. తిన్నవాళ్ళంతా క్షేమమేనా?

నెల దాటినా ఉత్తరం లేదేమని అడిగావు. రోలరు దగ్గర అడ్డకడ్డీ సరిగ్గా పనిచేస్తోందా, రోజూ చూసుకుంటున్నావా అనీ అడిగావు. ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ప్రతిసారీ "చూసుకుంటున్నాను" అని ఒక ముక్క రాసేదాన్ని. ఈసారి ఆ రెంటికీ జవాబు ఒకటే, కాస్త పెద్దది. ఈ రోజు సెలవు. ఈయన పిల్లని తీసుకుని బయటికి వెళ్ళాడు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పనిచేసిన రోజుల్లో లాండ్రీ అంటే తొట్లూ, బండలూ, బొగ్గు పొయ్యీ, ఒక పాత రోలరూ. మాది ఇప్పుడు ఒక పెద్ద షెడ్డు. మూడు ఆసుపత్రుల దుప్పట్లూ, గౌన్లూ మా దగ్గరికే వస్తాయి. ఉతికి పిండాక తడి దుప్పటిని ఇద్దరు చెరో అంచూ పట్టుకుని ఇస్త్రీ రోలరులోకి అందిస్తారు. అటు పక్కనుంచి ఆరిపోయి, మడత పెట్టడానికి సిద్ధంగా వస్తుంది. రోలరు చెయ్యి తగిలితే కాలిపోయే వేడి. అందుకే దాని నోటి ముందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలి ఏ మాత్రం పైకి లేచినా చాలు, రోలర్లు టక్కున ఆగిపోతాయి. అదే అడ్డకడ్డీ. మీ రోజుల్లో అది లేదు. అది లేకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా.

రెండేళ్ళుగా ఆ వరసకి సూపర్‌వైజరుని నేనే. నా కింద తొమ్మిది మంది ఆడవాళ్ళు. వాళ్ళలో అందరికన్నా చిన్నదాన్ని మేము గువ్వ అని పిలుస్తాం. ఏదైనా చెబితే తల పక్కకి వాల్చి వింటుంది, అందుకని. ఎడమచేతి వాటం. మధ్యాహ్నం అన్నాల వేళ గేటు పక్కన స్టూలు వేసి మా అందరి జుట్టూ కత్తిరించేది. ఎప్పటికైనా సొంతంగా కొట్టు పెడతానని, దానికి పేరు కూడా అనుకుంది గాని అడిగితే చెప్పేది కాదు. నీ మనవరాలి జుట్టు ఫోటోలో చూసి ఎవరు కత్తిరించారో చక్కగా ఉందన్నావే, ఆ పిల్లే.

పోయిన నెల మూడో మంగళవారం, పొద్దున పదిన్నరకి, ఆ పిల్ల ఎడమచెయ్యి రోలరులోకి వెళ్ళింది.

దుప్పటి అంచు మడత పడింది. దాన్ని సర్దబోయింది. వేళ్ళు గుడ్డ మడతలో చిక్కుకున్నాయి. కడ్డీ లేవలేదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పరిగెత్తి ఎర్ర బొత్తాం నొక్కాను. నొక్కినా వెంటనే ఆగదమ్మా ఆ యంత్రం, ఊపు తగ్గేదాకా తిరుగుతుంది. ఆ కాసేపు గువ్వ అరవలేదు. నా వైపు చూసింది, అంతే. మెకానిక్ వచ్చి చేతి చక్రం వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశాడు. నలుగురు పట్టుకుని వ్యానులో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో చూపుడు వేలూ, మధ్య వేలూ తీసేశారు. అరచెయ్యి కాలింది.

మరునాడు షెడ్డు తెరిచే వేళకే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చింది. ఆవిడకి నా వయసే ఉంటుంది. రబ్బరు చెప్పులు, భుజానికి సంచీ, చేతిలో చిన్న టార్చి. మేనేజరు ఆఫీసులో కూర్చోమన్నాడు, టీ తాగమన్నాడు. ఆవిడ "తర్వాత" అంటూనే నేరుగా రోలరు దగ్గరికి వచ్చి కడ్డీ ముందు గొంతుక్కూర్చుంది. ఆ చివరినుంచి ఈ చివరికి టార్చి వేసి చూసింది. ఒకచోట ఆగి, చిన్న పట్టకారుతో బోల్టు సందులోంచి ఒక దారప్పోగు లాగి, కాగితం కవరులో వేసుకుంది. యంత్రానికి సీలు వేసింది. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినే మడతల గదిలోకి పిలిచింది.

"కడ్డీని ఎవరో గుడ్డతో కట్టేశారు," అంది నాతో. "ఎవరు కట్టారు?"

"ఆ అమ్మాయే కట్టుకుందండీ," అన్నాను. "కడ్డీ ఊరికే ఆగిపోతోందని."

"మీరు చూశారా?"

"చూశానండీ. వద్దన్నాను కూడా."

ఆవిడ రాసుకుంది. రాసుకుని పెన్ను మూసి, నా మొహంలోకి చూసింది.

"మీకు ఒక సంగతి చెప్పాలి. ప్రమాదం ఎవరి పొరపాటు వల్ల జరిగినా చట్టం కార్మికురాలి పక్కనే ఉంటుంది. ఒక్క చోట తప్ప. రక్షణ కోసం పెట్టినదాన్ని ఆమె కావాలని పనిచెయ్యకుండా చేస్తే, పరిహారం లేదు, ఉద్యోగానికి పూచీ లేదు. అందుకే ఇంత పట్టి పట్టి అడుగుతున్నాను."

నేను పక్కనున్న దుప్పటి మడత సర్దాను.

"ఈ కడ్డీ నిబంధన పైనుంచి ఊడిపడలేదండీ," అంది ఆవిడ. "ముప్పై ఏళ్ళ కిందట పన్నెండు మంది లాండ్రీ పని ఆడవాళ్ళు ప్రభుత్వ కమిటీ ముందుకొచ్చి నిలబడి చెప్పారు. అందులో సగం మందికి సంతకం రాదు. వాళ్ళు చెప్పింది మా ఆఫీసులో ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళ చేత మొదట అదే చదివిస్తారు. విచారణ పదో తారీఖున. అంతలో ఏదన్నా గుర్తొస్తే వచ్చి చెప్పండి."

ఆ పన్నెండు మందిలో ఒకామె మా అమ్మ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

అమ్మా, ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి గిన్నెలు తోముకొచ్చాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఇక రాయక తప్పదు.

ఆ గుడ్డ కట్టింది నేను.

కడ్డీ స్ప్రింగు వదులై మూణ్ణెల్లయింది. చెయ్యి తగలకపోయినా, దుప్పటి కాస్త మందంగా ఉంటే చాలు, లేచి యంత్రం ఆగిపోయేది. గంటకి పది పన్నెండుసార్లు. మేనేజరుతో చెప్పాను. స్ప్రింగు తెప్పిస్తున్నామన్నాడు. ఆ మంగళవారం ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లు అందలేదని పొద్దున్నే రెండుసార్లు ఫోను చేశారు. మేనేజరు రోలరు దగ్గరికొచ్చి, "ఇవాళ ఇది ఆగకూడదు. ఏం చేస్తావో నాకు తెలియదు," అన్నాడు. కట్టమని నోటితో అనలేదు. చిరిగిన దుప్పటిలోంచి ఒక పేలిక చింపి కడ్డీని బిగించి కట్టాను. మధ్యాహ్నం విప్పేద్దామనుకున్నాను. గువ్వ నా పక్కనే ఉంది. చూసింది. తల పక్కకి వాల్చి, "ఫరవాలేదా అక్కా?" అంది. "నేనున్నాగా," అన్నాను.

ఆ పిల్లని వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడు అందరూ గేటు దగ్గరున్నారు. నేను వెనక్కి వెళ్ళి ఆ పేలిక విప్పి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు విప్పానో ఆలోచించి విప్పలేదు. చేతులే ఆ పని చేసేశాయి. సాయంత్రం మేనేజరు ఆఫీసులోకి పిలిచి తలుపు వేశాడు.

"రేపు ఇన్‌స్పెక్టరు వస్తుంది. అంతా ఒకే మాట మీదుండాలి," అన్నాడు. "నువ్వు కట్టావంటే కేసు నీ మీదికే వస్తుంది. నేను కట్టమన్నానని ఎక్కడన్నా రాసుందా? ఆ పిల్లే కట్టుకుందనుకో, ఎవరికీ ఏమీ కాదు. వైద్యం ఎలాగూ యజమానే చేయిస్తారు."

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. సంతకం పెట్టాను.

ఇంకొకటి కూడా ఉందమ్మా. ప్రతి నెలా ఒకటో తారీఖున కడ్డీ పరీక్షించి చీటీ మీద సంతకం పెట్టాలని చట్టం. రెండేళ్ళుగా గుమాస్తా చీటీ తెస్తాడు, నేను పెడతాను. ఎన్నిసార్లు నిజంగా పరీక్షించానంటే, మొదటి రెండు నెలలు. ఆ తర్వాత కడ్డీ వైపు చూడకుండానే "సక్రమంగా ఉన్నది" అన్న మాట కింద నా పేరు రాస్తూ వచ్చాను. స్ప్రింగు వదులైన మూడు నెలలూ కూడా రాశాను.

ఇన్‌స్పెక్టరు మాటలు విన్న మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. గువ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి కట్టుతో దిండంత అయింది. నన్ను చూసి లేచి కూర్చుంది.

"ఆ మేడమ్ నిన్న వచ్చిందక్కా," అంది మెల్లగా. "ఎవరు కట్టారంటే నాకు తెలీదన్నాను."

"ఎందుకలా అన్నావు?"

"నీ పేరు చెబితే నీ ఉద్యోగం పోదూ. పాపను బడికెవరు పంపుతారు? నువ్వు కావాలని చేసింది కాదుగా." కట్టు వైపు చూసుకుని, "పాప జుట్టు పెరిగే ఉంటుంది. కుడిచేత్తో అలవాటయ్యేదాకా కాస్త ఆగమను," అంది.

అప్పటికి నేను ఆ పిల్ల మీద సంతకం పెట్టి మూడు రోజులు. ఆ మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను. నీళ్ళు తాగుతావా అని అడిగి, గ్లాసు అందించి, వచ్చేశాను.

ఇంటికొచ్చి నీ అల్లుడికి మొత్తం చెప్పాను. ఆయన తింటున్న కంచం పక్కకి జరిపాడు. తిడతాడనుకున్నాను.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు. "నేను ఇన్‌స్పెక్టర్నా?"

పదో తారీఖున విచారణ. కార్మిక శాఖ ఆఫీసు రెండో అంతస్తులో ఇరుకు గది. బీరువాల మీద కూడా ఫైళ్ళే. మధ్యలో విచారణాధికారి, ఆయనకి ఒక పక్క యజమానుల తరఫు సభ్యుడు, ఇంకో పక్క కార్మికుల తరఫున ఒక పెద్దావిడ. మా మేనేజరు లాయర్ని తెచ్చుకున్నాడు. వెనక బెంచీ మీద మా మెకానిక్కూ, ఇద్దరు ఆడవాళ్ళూ. గువ్వ చెయ్యి మెడకి కట్టుకుని గోడవార కుర్చీలో కూర్చుంది. నన్ను చూసి నవ్వింది.

లోపలికి వెళ్ళబోతుంటే మేనేజరు నా పక్కకొచ్చి, "రాసిచ్చింది రాసిచ్చినట్టు చెప్పు. పది నిమిషాల పని," అన్నాడు.

అధికారి నా వాంగ్మూలం పైకి చదివించాడు. ఆ అమ్మాయే కట్టుకుంది, నేను వద్దన్నాను, వినలేదు. గువ్వ ఆ మాటలు వినడం అదే మొదటిసారి. నేను అటు చూడలేదు. చూడకపోయినా ఆ కుర్చీ కిర్రుమనడం వినిపించింది.

"ఇది మీరిచ్చిందేనా?" అని అడిగాడు.

"సంతకం నాదండీ. మాట నాది కాదు," అన్నాను. అని, అదీ అబద్ధమే అనిపించింది. "కాదండీ, మాట కూడా నాదే. అందులో ఉన్నది నిజం కాదు. గుడ్డ కట్టింది నేను."

సంచీలోంచి ఆ పేలిక తీసి బల్ల మీద పెట్టాను. దాని కొసన ఆసుపత్రి నీలం ముద్ర సగం ఉంది. ఇన్‌స్పెక్టరు లేచి తన కవరులోని దారప్పోగు తెచ్చి దాని పక్కన పెట్టింది.

లాయరు లేచాడు. "మొదట ఒకటి చెప్పారు. ఇప్పుడొకటి చెబుతున్నారు. ఇందులో ఏది నమ్మమంటారు?"

"మొదటిది నాకు పనికొచ్చే మాటండీ," అన్నాను. "ఇది చెబితే నాకు నష్టమే."

"మా మేనేజరు కట్టమన్నారా?"

"కట్టమనలేదండీ. ఇవాళ ఆగకూడదన్నారు. ఏం చేస్తావో తెలియదన్నారు. స్ప్రింగు మార్చమని మూడు నెలల్నుంచి అడుగుతున్నాను."

"అడిగినట్టు ఆధారం ఉందా?"

లేదు. నోటితో అడిగాను. పైగా చీటీల మీద అంతా సక్రమంగా ఉందని నా చేత్తో నేనే రాశాను. ఆ సంగతీ చెప్పేశాను. లాయరు చేతులు చాపి అధికారి వైపు చూశాడు, ఇక ఏముంది అన్నట్టు. నిజంగానే ఇక ఏమీ లేదనుకున్నాను. నా తప్పు ఒప్పుకున్నా గువ్వని గట్టెక్కించలేకపోయానే అనుకున్నాను.

అప్పుడు వెనక బెంచీ మీంచి మెకానిక్ లేచాడు. అతను మూడు వారాలుగా ఏమీ చూడలేదనీ, వినలేదనీ చెబుతూ వచ్చిన మనిషి.

"ఇవాళ ఆగకూడదన్న మాట నేనూ విన్నానండీ," అన్నాడు. "కొత్త స్ప్రింగు కోసం నేను రెండుసార్లు చీటీ రాసిచ్చాను. వాటి నకళ్ళు నా పనిముట్ల పెట్టెలో దాచాను. భయపడి ఇన్నాళ్ళూ బయటికి తియ్యలేదు. ఇవాళ తెచ్చాను."

కార్మికుల తరఫు పెద్దావిడ ఆ నకళ్ళు చేతికి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, తారీఖులు పైకి చదివింది. ప్రమాదానికి పదకొండు వారాల ముందుది ఒకటి, అయిదు వారాల ముందుది ఒకటి. మేనేజరు లాయరు చెవిలో ఏదో చెప్పబోయాడు. లాయరు తల అడ్డంగా ఊపాడు.

గువ్వ నా పక్కనుంచే బయటికి వెళ్ళింది. మెట్ల దగ్గర పిలిచాను. ఆగలేదు.

తీర్పు కాగితం వారానికి వచ్చింది. తప్పు గువ్వది కాదు. ఆమెకి పూర్తి పరిహారం ఇవ్వాలి, కుడిచేత్తో చెయ్యగల పని అదే సంస్థలో చూపించాలి. కంపెనీ మీద కోర్టులో కేసు. మేనేజరుని తీసేశారు. సీలు వేసిన రోజులకి మా అందరికీ జీతం కోత పెట్టకూడదని కూడా అందులో రాశారు. నన్ను సూపర్‌వైజరు పని నుంచి దించి, మురికి బట్టలు వేరుచేసే గదిలో వేశారు. వరసలో ఆడవాళ్ళు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఒకామె మాత్రం మొహం మీదే, "మూడు వారాలు ఆ పిల్లని ఆ మాట మోయనిచ్చావు," అంది. కాదనడానికి ఏముంది. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు వచ్చే నెల ఎనిమిదో తారీఖున మేజిస్ట్రేటు ముందు హాజరు కావాలి. నా అంతట నేనే సరిదిద్దుకున్నాను కనక జరిమానాతో పోవచ్చని ఇన్‌స్పెక్టరు అంది. పోకపోవచ్చు కూడా. ఆ రోజుకి నువ్వు బయల్దేరి రావద్దు. నీ ముందు నిలబడటం నాకు ఆ గదిలో నిలబడటం కన్నా కష్టం.

మొన్న గురువారం పొద్దున రోలరు మళ్ళీ తెరిచారు. కొత్త స్ప్రింగు, కొత్త కడ్డీ. ఇన్‌స్పెక్టరు మొదట చెక్కముక్కతో పరీక్షించింది. తర్వాత ఈ షెడ్డులో పనిచేసే ప్రతి మనిషీ తన చేత్తో కడ్డీని ఒకసారి తాకి, ఆగుతుందో లేదో చూసుకోవాలంది. ఒక్కొక్కరే వెళ్ళారు. ఒక్కోసారీ టక్కున ఆగింది. ఆవిడ మళ్ళీ నడిపించింది.

నా వంతు వచ్చింది. నాకిప్పుడు రోలరు మీద పని లేదు కదా అని ఎవరో అన్నారు. "అందరూ," అంది ఇన్‌స్పెక్టరు.

వెళ్ళి నిలబడ్డాను. రోలర్లు తిరుగుతున్నాయి. వేడి మొహానికి కొడుతోంది. నా చెయ్యి లేవలేదమ్మా. లేపుదామనుకుంటాను, లేవదు. వెనక అందరూ చూస్తున్నారు.

ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు. గువ్వ. బట్టలకి చీటీలు కట్టే గదిలో ఆ రోజే మొదటి రోజట. చెయ్యి ఇంకా మెడకే ఉంది. విచారణ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"పెట్టక్కా," అంది. "ఏం కాదు."

కడ్డీ మీద చెయ్యి వేశాను. వేసీ వెయ్యకముందే రోలర్లు ఆగిపోయాయి. ఆవిరి చప్పుడు తప్ప షెడ్డులో ఇంకేమీ వినిపించలేదు.

గువ్వ తల పక్కకి వాల్చి ఆ ఆగిన రోలర్ల వైపు చాలాసేపు చూసింది.

"ఆ రోజు కూడా ఇలాగే ఆగేదిగా అక్కా," అంది.

కోపంగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. అడిగి, నేను ఏమంటానా అని కాసేపు నిలబడింది. తర్వాత తన పని గదిలోకి వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ పెద్దకూతురు